ఊరూర తిరుగు ఆరోగ్యోద్యోగి

నూజివీడు పేరు వినగానే తెలుగువారికి మొదట జ్ఞప్తికి వచ్చునది మామిడి. చిన్న రసము, పెద్ద రసము, బంగినపల్లి, తోతాపురి అను పేర్లు అచట పసిపిల్లలకు సైతము తెలియును. పూత, పిందె, కాయ, కోత అను నాలుగు మాటలలో ఆ సీమవారి సంవత్సరమంతయు ఇమిడియుండును. ఏ తోటను ఏ వర్తకుడు గుత్తకు తీసికొనెనో, ఏ తోటకు ఎవరు కాపలాయో ఊరిలో ఎవరినడిగినను చెప్పుదురు. ఆ తోటల నడిమి బాటలలోనే మరియొక వ్యక్తి భుజమున సంచితో తిరుగుచుండును. ఒకప్పుడా సంచిలో మశూచికపు టీకాల మందు ఉండెడిది. తరువాత రక్తపు చుక్కను పట్టు గాజుపలకలును, మలేరియా మాత్రలును చేరినవి. నేడు టీకామందుల పెట్టెయు, రక్తపుపోటును కొలుచు పరికరమును ఉన్నవి. ఒకప్పుడా సంచి మోసినవాడు పురుషుడు. నేడు మోయునది ఎక్కువగా స్త్రీ. ఈ వ్యక్తియే ప్రభుత్వ ప్రజారోగ్యోద్యోగి.

ఆసుపత్రుల చరిత్రలు, గొప్ప వైద్యుల జీవితములు మనకు కొన్ని ఉన్నవి. ఈ చిన్న ఉద్యోగి చరిత్రను వ్రాసినవారు అరుదు. దానిని క్లుప్తముగా చెప్పుచు, ఒక ప్రశ్నను పరిశీలించుట మా ఉద్దేశము. ఈ ఉద్యోగికి తన పనిలో తృప్తి ఎప్పుడు కలిగినది, ఎప్పుడు కలుగలేదు? జీతము పెంచినచో తృప్తి కలుగునని కొందరందురు. సేవాభావముండిన చాలునని మరికొందరందురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. అయినను ఈ రెండు శతాబ్దముల చరిత్రను చూచినచో మాకు తోచునది వేరు. చేయవలసిన పనికి తగిన శిక్షణ ముందుగా లభించి, చేసిన పనికి ఫలితము కంటికి కనబడిన కాలమున ఈ ఉద్యోగి నిలిచి పనిచేసినాడు. పని మారియు శిక్షణ మారని కాలమున, ఫలితము కాగితముల క్రింద మరుగుపడిన కాలమున అతని మనసు విరిగినది. దానితోపాటు ప్రజల ఆరోగ్యమును దెబ్బతిన్నది.

ముందుగా ఆ సీమను గూర్చి ఒకటి రెండు మాటలు. నూజివీడు ప్రాంతము కృష్ణా డెల్టాకు ఎగువనున్న మెట్ట. 1855 నాటికి పూర్తియైన బెజవాడ ఆనకట్ట వలన దిగువ పల్లెలకు కాలువలు వచ్చినవి. ఈ ఎర్రనేలలు మాత్రము చెరువును, బావిని, వానను నమ్ముకొని బ్రదికినవి. చిరకాలము మేకావారి జమీందారీలో నున్న ఈ ప్రాంతము 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో రైత్వారీ క్రిందికి వచ్చినది. బహుకాలము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లాలో చేరినది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములు దీనికి చుట్టుపట్ల నున్నవి. ప్రజారోగ్యోద్యోగి దృష్టితో చూచినచో ఈ సీమకొక విశేషము కలదు. కాపు కాలమున కాపలావారు తోటలలోని పాకలలో నుందురు. కోత కూలీలు తెల్లవారకముందే తోటలకు పోవుదురు. ఇంటింటికిని పోవలసిన ఉద్యోగికి తాళము వేసిన తలుపులు ఎదురగును. ఊరిలో వెదకినచో మనిషి దొరకడు; తోటలో వెదకవలెను. ఏ శిక్షణాలయములోని పాఠమునను ఈ సంగతి ఉండదు.

ఇక చరిత్రకు వత్తము. మన దేశమున మశూచికపు టీకా మొదట 1802 జూన్ నెలలో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేయబడినది. ఆ సంవత్సరమే అది చెన్నరాజధానికిని చేరినది. అప్పటినుండి టీకాలు వేయువారు తాలూకాలవెంట తిరుగసాగిరి. ప్రజారోగ్యము పేర పల్లెకు వచ్చిన మొదటి సర్కారు ఉద్యోగి ఇతడే. ఇతనికి జీతము స్వల్పము, గౌరవము అంతకన్న స్వల్పము. మశూచికమును మనవారు అమ్మవారనిరి. వేపమండలు కట్టిరి, పోలేరమ్మకు మ్రొక్కిరి. అమ్మవారు పోసిన ఇంటికి సర్కారువాడు కత్తి పట్టుకొని వచ్చుట అపచారమని తలచిరి. తల్లులు బిడ్డలను దాచిరి. ఒక బిడ్డ చేతి పొక్కునుండి రసిని తీసి మరియొక బిడ్డకు వేయు పాత పద్ధతి వలన భయము మరింత పెరిగినది.

1899లో చెన్నపట్నము చెంత గిండిలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపితమైన పిమ్మట దూడలనుండి తీసిన టీకామందు రాజధాని అంతటికిని అందసాగినది. పొక్కునుండి పొక్కునకు తీయు పద్ధతి క్రమముగా పోయినది. కాని ఆ మందు ఎండకు తాళలేదు. నూజివీడు ఎండలలో దానిని చెడకుండ గ్రామమునకు చేర్చుటయే ఒక విద్య. మందు చెడిన టీకా పట్టదు. పట్టని టీకా వేసినవానిని ఊరు నమ్మదు. ఆ నమ్మకము పోయినచో మరుసటేడు అతడు ఊరిలో అడుగుపెట్టుట కష్టము. కావున టీకాలవానికి కావలసిన విద్య కేవలము చర్మమును గీయుట కాదు. మందును కాపాడుట, తల్లితో మాటలాడుట, మరల వచ్చి టీకా పట్టెనా లేదా అని చూచుట, ఈ మూడును ఆ విద్యలోనివే. వీనిని అతడు చాలవరకు బాటమీదనే నేర్చుకొనెను. అయినను అతని పనియందొక లాభముండెను. టీకా పట్టిన బిడ్డ చేతిమీద మచ్చ నిలిచిపోవును. పది సంవత్సరముల తరువాత ఆ ఊరికి వచ్చినను తాను చేసిన పని తనకు కనబడును.

1919 నాటి రాజ్యాంగ సంస్కరణల వలన ప్రజారోగ్యము రాష్ట్రమంత్రుల చేతికి వచ్చినది. 1920 దశకమున చెన్నరాజధానిలో జిల్లాకొక ఆరోగ్యాధికారి, అతని క్రింద హెల్తు ఇన్‌స్పెక్టర్లు, టీకాలవారు అను వ్యవస్థ ఏర్పడినది. ఇన్‌స్పెక్టరు పని బహువిధము. బావులలో బ్లీచింగు పొడి కలుపుట, కలరా వచ్చిన ఊరిలో సూదిమందు వేయించుట, జాతరలలో నీటిని, దొడ్లను చూచుట అతని పనులు. గ్రామాధికారి వ్రాసిన జనన మరణముల పట్టికను తనిఖీ చేయుటయు అతని పనియే. 1939లో చెన్నరాజధాని చేసిన ప్రజారోగ్య చట్టము మన దేశమున ఆ తరహాలో మొదటిది. నీటి సరఫరా, అంటువ్యాధులు, సంతలు, ఉత్సవములు అన్నియు అందులో చేరినవి. ఆంధ్రరాష్ట్రమేర్పడిన తరువాతను ఆ చట్టము కోస్తా, రాయలసీమ జిల్లాలలో నిలిచియున్నది. చట్టము ఇన్‌స్పెక్టరు చేతికి అధికారమునిచ్చినది. అయితే బావిలో పొడి కలిపినవానిని, నీరు చేదెక్కెనని తిట్టిన గ్రామస్థుని, ఒక్క చట్టముతో కలుపుట సాధ్యము కాదు. అధికారము చేతికి వచ్చిన ఉద్యోగికి ఒప్పించు విద్య కూడ కావలెనని పెద్దలు గుర్తించుటకు చాల కాలము పట్టినది.

ఇచట ఒక చిన్న ఉదాహరణము చెప్పెదము. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ కీర్తి లోకమంతటను వ్యాపించి, 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆయనకు దోమలను, వాని పిల్లలను పట్టి తెచ్చి ఇచ్చిన సహాయకుడు మహమ్మద్ బక్ష్. దోమలచే కుట్టించుకొని, కుట్టిన ప్రతి దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకొన్న రోగి హుసేన్ ఖాన్. వీరి పేర్లు ఎందరికి తెలియును? ప్రజారోగ్య చరిత్ర అంతయు ఇట్టిదే. కనుగొన్నవాడు ఒక్కడు, ఆ కనుగొన్నదానిని ఇంటింటికి మోసినవారు లక్షలమంది.

స్వాతంత్ర్యమునకు ముందే, 1943లో, సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో తన నివేదికనిచ్చినది. దేశమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల భావము నాటుకొన్నది దానితోనే. తొలిదశలో 40,000 జనులకొక కేంద్రము ఉండవలెననియు, అందు ఇద్దరు వైద్యులు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు, ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు మున్నగువారు ఉండవలెననియు ఆ సంఘము చెప్పినది. వైద్యవిద్యార్థికి మూడు నెలలు సామాజిక వైద్యమున శిక్షణ ఈయవలెననుటయు దాని సిఫారసులలోనిది. జబ్బును మాత్రము గాక జబ్బునకు పుట్టినిల్లైన ఊరిని కూడ వైద్యుడు తెలిసికొనవలెనని దీని భావము. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ప్రారంభమై, బ్లాకుకొక ఆరోగ్యకేంద్రము చొప్పున పని సాగినది. కాని భోర్ సంఘము కోరిన సిబ్బంది సంఖ్యకును, బ్లాకులకు నిజముగా వచ్చిన సంఖ్యకును చాల అంతరముండెను. ఈ అంతరమును పూరించినది ఉన్నవారి కాళ్ళు.

ఆ కాళ్ళ బలము మలేరియా ఉద్యమమున బయటపడినది. 1947లో దేశమున ఏటేట సుమారు 7.5 కోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమమును, 1958లో నిర్మూలన కార్యక్రమమును మొదలైనవి. ఇంటి గోడలకు డి.డి.టి. చల్లిరి. దాదాపు 10,000 జనులకొక పర్యవేక్షణ కార్యకర్త నియమితుడయ్యెను. అతడు పదునైదు దినములకొకసారి ప్రతి ఇంటికి పోయి, జ్వరము వచ్చినవారున్నారా అని అడుగవలెను. ఉన్నచో వ్రేలినుండి రక్తపు చుక్కను తీసి గాజుపలకపై పూయవలెను, మాత్రలీయవలెను, తాను వచ్చిన తేదిని గోడమీద వ్రాయవలెను. పని కష్టమైనదే. అయినను ఆ కార్యకర్తకు తన పని యేమిటో స్పష్టముగా తెలియును. అందుకు కావలసిన విద్యయు స్పష్టమే. ఫలితమును కనబడినది. 1965 నాటికి దేశమంతట నమోదైన మలేరియా కేసులు సుమారు ఒక లక్షకు దిగినవి.

ఇదే కాలమున డెల్టాలో బోదకాలు మీద పోరాటము సాగినది. ఆ వ్యాధి క్రిములు రోగి రక్తమున రాత్రివేళనే పైకి వచ్చును. కావున రక్తమును తీయువారు రాత్రి పొద్దుపోయిన తరువాత, జనులు నిద్రించు సమయమున, ఇండ్లకు పోవలసినదే. అర్ధరాత్రి తలుపు తట్టి వ్రేలిని పొడుచుటకు ఒప్పించుట ఎంత నేర్పు పనియో పాఠకులు ఊహింపగలరు. ఆ వ్యాధికి వాడు ముఖ్యమైన మందు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, 1947 ప్రాంతమున వెలువడినది. ఒక తెలుగువాడు సముద్రములకు ఆవల కనుగొన్న మందును మరియొక తెలుగువాడు లాంతరు పట్టుకొని పల్లెకు చేర్చెను. మొదటివాని పేరును మన పిల్లలు చదువుకొనుచున్నారు. అది యుక్తమే. రెండవవాని పనిని కూడ ఒక మాట చెప్పి మనము గుర్తింపవలెను.

జయము దగ్గరపడిన కొలది జాగరూకత తగ్గినది. డి.డి.టి. సరఫరాలో లోపములు వచ్చినవి. దోమలు ఆ మందునకు అలవాటుపడినవి. తీసిన గాజుపలకలు పరీక్షకు నోచక కుప్పలు పడిన చోట్లు దేశమున చాల ఉండెను. కార్యకర్త తెచ్చిన రక్తపుచుక్కకు సమాధానము వారములకొలది రానిచో అతడేమి చేయును? రెండవ సారి గ్రామమునకు పోయినప్పుడు, "నిరుడు తీసితివి గదా, ఏమి తేలినది?" అని అడిగిన ఇల్లాలికి అతడేమి చెప్పును? సమాధానము లేని పనియందు శ్రద్ధ నిలువదు. 1976 నాటికి దేశమున మలేరియా కేసులు 64 లక్షలకు ఎగబ్రాకినవి. దీనికంతకును కార్యకర్తయే కారణమనుట అన్యాయము. కార్యకర్త కాళ్ళను నమ్ముకొని, అతని వెనుక నుండవలసిన ప్రయోగశాలను, పర్యవేక్షణను మరచుటయే కారణములలో నొకటి.

ఇంతలో మశూచికము అంతరించినది. 1960 దశకమున వచ్చిన పొడి టీకామందు ఎండకు చెడలేదు. తరువాత వచ్చిన రెండుకొనల సూదిని వాడుట సులభము. వంద సంవత్సరములకు పైబడి టీకాలవానిని బాధించిన రెండు కష్టములు ఈ రెంటితో తీరినవి. 1975 మే నెల తరువాత మన దేశమున మశూచికము కానరాలేదు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్యసభ లోకమునుండి ఆ వ్యాధి పోయినదని ప్రకటించినది. ఒక ఉద్యోగి తన వృత్తియే అనవసరమగునంత చక్కగా పనిచేయుట మానవచరిత్రలో అరుదు. మరి ఆ టీకాలవారి గతి యేమి?

ఆ ప్రశ్నకు 1973లో కర్తార్ సింగ్ సంఘము సమాధానమిచ్చినది. టీకాలవారు, మలేరియా కార్యకర్తలు, కుటుంబనియంత్రణ సహాయకులు మున్నగు వేరువేరు ఉద్యోగులను కలిపి "బహుళార్థ ఆరోగ్యకార్యకర్త" అను ఒకే పదవిని ఏర్పరుపవలెననెను. 3,000 నుండి 3,500 జనులకొక ఉపకేంద్రము, అందు ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండవలెను. ఇంటికి నలుగురు ఉద్యోగులు నాలుగు దినములలో వచ్చుటకన్న ఒక్కరే వచ్చి అన్నింటిని విచారించుట మేలు గదా. భావము మంచిదే. కాని ముప్పదియేండ్లు టీకా ఒక్కటే వేసినవానికి గర్భిణీ ఆహారమును, క్షయవ్యాధిని, జనన నమోదును, మలేరియాను గూర్చి కొద్ది వారములలో బోధించి పంపిన చోట, ఆ ఉద్యోగి ఒక పనియందు నిపుణుడుగా నుండి పది పనులయందు అనుభవశూన్యుడయ్యెను. అనుభవజ్ఞుడైన ఉద్యోగికి ఇంతకన్న మనస్తాపము వేరొకటి లేదు.

స్త్రీల సంగతి మరింత విచారింపదగినది. సహాయక నర్సు మంత్రసాని, అనగా మనమందరము ఏ.ఎన్.ఎమ్. అని పిలుచు ఉద్యోగిని, 1950 దశకారంభమున మన దేశమున ఏర్పడినది. ఆమె శిక్షణ అప్పుడు రెండు సంవత్సరములు. ప్రసవము చేయించుటయే అందు ప్రధానము. 1977లో ఆ శిక్షణను పదునెనిమిది నెలలకు తగ్గించిరి. టీకాలు, కుటుంబనియంత్రణ, రోగనివారణ, అన్నియు అందులోనికే చేర్చిరి. పనులు పెరిగిన సమయముననే చదువు తగ్గినది. ఆమెపై పర్యవేక్షకురాలుగా నుండు లేడీ హెల్తు విజిటరుకు ఇదివరలో రెండున్నర సంవత్సరముల ప్రత్యేక విద్య ఉండెడిది. తరువాత అనుభవముగల ఏ.ఎన్.ఎమ్.కు ఆరు నెలల శిక్షణనిచ్చి ఆ పదవికి ఎక్కించు పద్ధతి వచ్చినది. క్రింది ఉద్యోగినికి పైమెట్టు చూపుట న్యాయమే. పైమెట్టుకు కావలసిన విద్యను కుదించుట న్యాయము కాదు. 2012 ప్రాంతమున ఏ.ఎన్.ఎమ్. శిక్షణను మరల రెండు సంవత్సరములకు పెంచిరి. ముప్పది యైదేండ్ల కాలము పట్టిన ఈ రాకపోకలలో, తక్కువ విద్యతో ఎక్కువ భారమును మోసినవారు తమ ఉద్యోగజీవితమంతయు గడిపి విశ్రమించిరి.

ఆ భారములో మిక్కిలి బరువైనది కుటుంబనియంత్రణ లక్ష్యముల సంఖ్య. నెలకు ఇన్ని శస్త్రచికిత్సలు కావలెనని పైనుండి ఉత్తరువు. సంఖ్య పూర్తికానిచో సంజాయిషీ. దీనితో ఆమె ఇంటికి పోయినప్పుడు తల్లులకు మంత్రసాని కనబడలేదు. "కేసు"ల కొరకు వచ్చిన ఉద్యోగిని కనబడినది. మరియొక చిత్రము చూడుడు. మన రాష్ట్రమున సంతానసంఖ్య నిజముగా తగ్గినది. 1992-93లో సగటున స్త్రీకి 2.6 గానున్నది, 2005-06 నాటికి 1.8కు దిగినది. ఇంత పని జరిగినను, ఆ పని చేసినవారికి దానియందు గర్వము కలుగలేదు. ఏలయన, లెక్కకు వచ్చినది సంఖ్య మాత్రమే. తల్లి ఆరోగ్యము, బిడ్డ బరువు, ఇంటి నమ్మకము లెక్కలోనికి రాలేదు. 1996 ఏప్రిల్ నుండి కేంద్రప్రభుత్వము లక్ష్యముల పద్ధతిని విడిచినది. అలవాటు విడుచుటకు మరి కొంత కాలము పట్టినది.

1959లో అమెరికా పండితుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ఉద్యోగతృప్తిని గూర్చి సహకారులతో కలిసి ఒక గ్రంథమును ప్రకటించెను. జీతము, వసతి, పైయధికారి ప్రవర్తన ఇత్యాదులు లోపించినచో అసంతృప్తి కలుగును. అవి ఉన్నంత మాత్రమున తృప్తి పుట్టదు. పనిలో సాధించిన విజయము, దానికి లభించిన గుర్తింపు, ఎదుగుటకు అవకాశము, వీనివలననే తృప్తి పుట్టునని ఆయన మతము. మొదటి తరగతివానికి ఆయన పెట్టిన పేరు ఆరోగ్యరక్షణ సంబంధమైనది. మురుగుకాలువ బాగుండుట వలన ఎవరును బలిష్ఠులు కారు, కాని అది చెడినచో అందరును రోగగ్రస్తులగుదురు గదా! ఇంజనీర్లను, లెక్కలవ్రాతగాండ్రను ప్రశ్నించి ఆయన కనుగొన్న ఈ సంగతి మన మెట్టపల్లెల ఉద్యోగినులకు చక్కగా అన్వయించును.

అన్వయించి చూతము. చదును ప్రాంతమున 5,000 జనులకొక ఉపకేంద్రము అని నియమము. ఉపకేంద్రమునకు సొంత భవనము లేక ఊరిలో అద్దెగదిలో నడిచిన చోట్లు అనేకము. ఒంటరిగా నుండు స్త్రీకి రాత్రి ప్రసవమునకు పిలుపు వచ్చినచో తోటల నడిమి చీకటిబాటను పోవలెను. తోడు రావలసిన పురుషకార్యకర్త పదవి చాలచోట్ల ఖాళీగానే ఉండెను. స్త్రీ ఉద్యోగిని జీతమును కేంద్రప్రభుత్వము కుటుంబసంక్షేమపు పద్దు క్రింద భరించినది. పురుషుని జీతమును రాష్ట్రము భరింపవలసియుండెను. పద్దుల పంపకము వలన దేశమందు అనేక చోట్ల ఆ కుర్చీ శూన్యమైనది. ఆ శూన్యము ఆమె భుజముమీదికి వచ్చినది. వసతి, తోడు, సమయమునకు జీతము, ఇవి లేనిచో శిక్షణను గూర్చి ఉపన్యసించుట పరిహాసము. ఇవి ఉన్నను శిక్షణ లేనిచో ఆమె తన పనియందు నిస్సహాయురాలే.

ఊరినుండియే ఒకరిని తీసికొని తీర్చిదిద్దవలెనను ఆలోచన కూడ మనకు క్రొత్త కాదు. 1977 అక్టోబరు 2న గ్రామ ఆరోగ్యకార్యకర్తల పథకము వచ్చినది. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవవేతనము. వెనుక నుండి నిలబెట్టువారు లేక అది క్రమముగా సన్నగిల్లినది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య ఉద్యమముతో "ఆశా" కార్యకర్తలు వచ్చిరి. సుమారు వేయి జనులకొకరు, ఆ ఊరి కోడలో ఆడపడుచో. ఈసారి శిక్షణను విడతలుగా నిచ్చిరి. మొదటి 23 దినముల శిక్షణను అయిదు భాగములుగా విభజించిరి. కొంత నేర్చి, ఊరికి పోయి చేసి, మరల వచ్చి సందేహములు తీర్చుకొని, మరికొంత నేర్చుట. పనితో కలిసిన విద్యకు ఇది చక్కని పద్ధతి. 2019లో మన రాష్ట్రమున వారి గౌరవవేతనము నెలకు 10,000 రూపాయలైనది. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాపించినప్పుడు వీరును, ఏ.ఎన్.ఎమ్.లును ఇంటింటికి పోయి విచారించిరి. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలను గౌరవించినది. ఆ పురస్కారము సంతోషదాయకము. కాని ఉద్యోగియా, స్వచ్ఛంద సేవకురాలా అను ప్రశ్నకు స్పష్టమైన సమాధానము వారికి లభింపవలసియున్నది.

ఇటీవలి కాలమున మరి కొన్ని మార్పులు వచ్చినవి. 2016లో ఏ.ఎన్.ఎమ్.ల పెద్దపుస్తకములకు బదులు పలకవంటి యంత్రములు మన రాష్ట్రమున మొదట ప్రవేశించినవి. 2018 నుండి ఉపకేంద్రములను ఆరోగ్య స్వస్థతా కేంద్రములుగా మార్చి, నర్సింగు చదివి సామాజిక ఆరోగ్యమున ప్రత్యేకశిక్షణ పొందినవారిని నియమించుచున్నారు. 2019 అక్టోబరున గ్రామ సచివాలయములు ఏర్పడినప్పుడు ఆరోగ్యోద్యోగినులును వానిలో భాగమైరి. వ్యాధుల స్వరూపమును మారినది. మశూచికము లేదు, పోలియో లేదు. మధుమేహము, రక్తపుపోటు ఇంటింట నున్నవి. టీకా కొన్ని మార్లు వేసిన చాలును. రక్తపుపోటు మందును జన్మాంతము వాడుమని ఒప్పించుటకు వేరొక విద్య కావలెను. ఒకప్పుడు అమ్మవారికి మ్రొక్కు తల్లితో మాటలాడిన నేర్పే, నేడు "నాకేమియు బాధ లేదు, మాత్ర యెందుకు?" అను రైతుతో మాటలాడుటకు కావలసియున్నది.

మామిడి సీమకు తగిన శిక్షణ యేది? మా అభిప్రాయమును చెప్పెదము. ఈ సీమలో పనిచేయు ఉద్యోగినికి తోటలకు మందు చల్లువారి విషబాధను గుర్తించుట, వడదెబ్బకు మొదటి చికిత్స, పాముకాటు రోగిని కాలయాపన లేక ఆసుపత్రికి చేర్చుట తెలియవలెను. కాయలను కార్బైడుతో మాగవేయుట చట్టవిరుద్ధమనియు, అందులో ఆర్సెనిక్ జాడలుండుననియు, ఎథిలీను వాయువుతో మాగవేయు పద్ధతి కలదనియు వర్తకునికి, గృహిణికి వివరించి చెప్పగలుగవలెను. కోత కాలమున తోటలలోనికి పోయి గర్భిణులను, పసిపిల్లలను వెదకు దారిని, కాలమును ఆమె పనిపట్టికలోనే చేర్చవలెను. ఈ విద్యను దూరనగరమున మూడు దినముల ఉపన్యాసములతో నేర్పలేము. ప్రాథమిక ఆరోగ్యకేంద్రముననే, నెలకొకసారి, తాను చూచిన రోగుల సంగతులనే ముందుంచుకొని, వైద్యునితో కలిసి కూర్చుండి నేర్చుకొనవలెను. క్రొత్త పని నప్పగించు ప్రతి ఉత్తరువునకు ముందు ఆ పనికి శిక్షణ ఉండవలెను. ఆమె తీసిన ప్రతి లెక్కకు సమాధానము ఆమెకే తిరిగి రావలెను. తన ఊరిలో ఈ యేడు ఎందరు బిడ్డలు తక్కువ బరువుతో పుట్టిరి, నిరుటికన్న తగ్గిరా పెరిగిరా అను సంగతి ఉద్యోగినికి తెలియక, రాజధానిలోని కచేరీకి మాత్రమే తెలిసినచో అది ఆమె పని అనిపించుకొనదు. అద్దపు పలకలకు పట్టిన గతియే ఈ క్రొత్త పలకలకును పట్టును.

ఇది ప్రభుత్వము చేయవలసిన పని. గృహస్థులమైన మనము చేయవలసినదియు కొంత కలదు. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమైనది. కలరాను, టీకాలను, తల్లిబిడ్డల పోషణను గూర్చిన మాటలు రేడియో ద్వారమున మన ఇండ్లలోనికి వచ్చినవి. రేడియోలో వినిన మాటను ఇంటి గుమ్మములో నిలిచి చెప్పునది ఈ ఉద్యోగినియే. రేడియోను శ్రద్ధతో వినిన మనము, ఆమెను గుమ్మములోనే నిలబెట్టి "తరువాత రమ్మ"నుట తగునా? ఆమె వచ్చినప్పుడు కూర్చుండుమని పీట వేయుదము. దాహమునకు నీరిత్తము. అడిగిన ప్రశ్నలకు నిజము చెప్పుదము. తెలియని సంగతిని ఆమెనడుగుదము; ఆమెకు తెలియనిచో తెలిసికొని వచ్చి చెప్పుమందము. అడుగువారున్నప్పుడు నేర్చుకొను కోరిక పుట్టును. ఊరి పంచాయతీ కూడినప్పుడు ఉపకేంద్రమునకు దీపమున్నదా, నీరున్నదా, రాత్రివేళ ఆమెకు తోడు పోవువారున్నారా అని విచారించుట సభ్యుల విధి.

టీకాలవానికి బిడ్డ చేతిమీది మచ్చ కనబడెను. నేటి ఉద్యోగిని చేయు పనిలో అట్టి మచ్చ లేదు. రాని పక్షవాతము, చావని బాలింత, కుంటిది కాని బిడ్డ, ఇవి కంటికి కనబడు వస్తువులు కావు. కనబడని మేలును కనుగొని చెప్పుట ఊరివారి వంతు. ఏటేట గ్రామసభలో జనన మరణముల లెక్కను ఆమెచేతనే చదివించి, ఆ యేడు ఊరిలో బాలింత మరణము ఒక్కటియు లేదని తెలిసినప్పుడు నలుగురిలో ఆ మాటను పైకి చెప్పుడు. అందుకు ఖర్చేమియు లేదు.